గృహప్రవేశం గడువు కాదు

కోటబొమ్మాళిలోనైనా, టెక్కలిలోనైనా, నరసన్నపేటలోనైనా కొత్త ఇల్లు శ్లాబు దాటిందంటే చాలు, ఒక సలహా నలువైపుల నుంచీ వచ్చి పడుతుంది. "మిగిల్చీసినావంటే మరవ్వదు బావూ, ఒక్కపాలే కానిచ్చీ." ముహూర్తానికల్లా సీలింగు వెయ్యాలి, కప్‌బోర్డులు బిగించాలి, టీవీ యూనిట్ నిలబడాలి, హాల్లో ఒక గోడకు వేరే రంగు పడాలి, సోఫా దిగాలి, కర్టెన్లు వేలాడాలి. భోజనాలకొచ్చిన చుట్టాలు గదిగదీ తిరిగి చూసి బాగుందనాలి. ఏం పెట్టాలన్నదానికి జవాబు కూడా తయారుగా ఉంటుంది: నలుగురూ ఏం పెట్టుకున్నారో అదే. ఆ ఇంట్లో బతకబోయేవాళ్ళకు ఏది ఇష్టమన్న ప్రశ్న ఆ జాబితాలో ఎక్కడా ఉండదు.

ఈ సలహా డబ్బు లెక్కలో తప్పు, వాతావరణం లెక్కలో తప్పు, మనుషుల లెక్కలో మరీ తప్పు. దీన్ని ఒక్కొక్క ముక్కగా తీసుకుని చూద్దాం.

వాళ్ళు చెప్పేదేమిటి

ఈ సలహా ఇచ్చేవాళ్ళు మన మేలు కోరేవాళ్ళే. వాళ్ళ వాదంలో బలం కూడా ఉంది. వడ్రంగి, పెయింటరు, ఎలక్ట్రీషియను సైటులో ఉండగానే పని ముగిస్తే కూలి కలిసొస్తుందంటారు. ఒకసారి వెళ్ళిపోయిన పనివాళ్ళు చిన్న పనికి మళ్ళీ రారంటారు. కాపురం పెట్టాక దుమ్ము, చప్పుడు భరించలేరంటారు. నలుగురూ చేసిందే చేస్తే పొరపాటుకు తావుండదంటారు. ఇల్లు వెలితిగా కనిపిస్తే వియ్యపువాళ్ళ ముందు చిన్నతనమంటారు. రేపు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా అందరికీ నచ్చే ఇంటికే ధర పలుకుతుందంటారు. వాస్తు కూడా చూసుకోవాలంటారు. పాత సామాను కొత్తింటికి నప్పదంటారు.

ఒక విషయం వెంటనే ఒప్పుకోవాలి. గోడలోపల దాగిపోయేవన్నీ ముందే పూర్తి కావాలి. వైరింగు, నీళ్ళ పైపులు, మురుగు పోయే వాలు, కిటికీలు, మెట్లకు పిట్టగోడ, మరుగుదొడ్డి ఇవేవీ ఆగకూడదు. కావలసిన దానికంటే నాలుగు ప్లగ్ పాయింట్లు ఎక్కువ పెట్టించినా మంచిదే. నా తగువు గోడలోపలి పనితో కాదు, గోడమీది పనితో. సలహాదారులు ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి ముహూర్తం ముందు పెడుతున్నారు. ఆ మూట విప్పి చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది.

1. ఒక్కసారే చేయిస్తే చవక

ఈ లెక్కలో కూలి ఉంది, వడ్డీ లేదు. ఇల్లు కట్టినవాళ్ళనెవరినైనా అడగండి. దాచుకున్న డబ్బూ బ్యాంకు అప్పూ శ్లాబుతోనో, ప్లాస్టరింగుతోనో, టైల్సుతోనో సరిపోతాయి. సీలింగూ చెక్కపనీ దగ్గరికొచ్చేసరికి చాలామందికి మిగిలే దారి ఊళ్ళో అప్పే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలు తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీకే పోతాయి. వడ్రంగిని రెండోసారి పిలిచినందుకు అయ్యే అదనపు కూలి అందులో ఎన్నో వంతు? అదే పనిని ఒక సంక్రాంతికి ఒక గది చొప్పున చేయించుకుంటే అప్పుతోనే అవసరం ఉండకపోవచ్చు.

ఉండకముందు చేయించిన పనిలో కొంత తర్వాత విప్పించవలసి వస్తుంది. మంచం ఇటు వస్తుందనుకుని అల్మరా అటు కట్టిస్తారు. తీరా పడుకున్నాక ఫ్యాను గాలి తగలదని మంచం జరుపుతారు, అల్మరా తలుపు సగమే తెరుచుకుంటుంది. విప్పిన కూలి, పారేసిన చెక్క, మళ్ళీ చేయించిన కూలి ఇవేవీ "ఒక్కసారే" అన్న లెక్కలో కనిపించవు. మనిషి కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించి, కుట్టుకూలి కలిసొచ్చిందని సంతోషపడటం లాంటిదే ఇది.

ఇక సిమెంటు సంగతి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారని మేస్త్రీలందరికీ తెలుసు. బలం రావడం వేరు, గోడ ఆరడం వేరు. ఇటుకలోనూ ప్లాస్టరులోనూ పట్టిన నీరు పూర్తిగా బయటికి పోవడానికి నెలలు పట్టవచ్చు. ముహూర్తం తరుముకొస్తోందని పచ్చి గోడకు పుట్టీ పట్టించి, పైన ఖరీదైన ఎమల్షన్ వేస్తే ఆ తేమ లోపలినుంచి తోసుకొచ్చి పొర పొక్కుతుంది, గోడలోని లవణాలు తెల్లగా పైకి పొంగుతాయి. ఒక వానాకాలం ప్రైమరుతోనే ఉండనివ్వండి. ఏ గోడకు జల్లు కొడుతుందో, ఏ మూల చెమ్మ దిగుతుందో ఆ వానాకాలమే చూపిస్తుంది. లోపం సరిచేశాక వేసిన రంగు నిలబడుతుంది. ముహూర్తానికి వేసిన రంగును ముహూర్తం కాపాడదు.

2. నలుగురూ పెట్టించుకున్నదే మనకూ సరిపోతుంది

ఆ నలుగురు ఎవరు? ఇవాళ మన ఊళ్ళలోకి వస్తున్న నమూనా నిజానికి పక్కింటిది కాదు. హైదరాబాదు, బెంగళూరు అపార్టుమెంట్ల ఫొటోలు ఫోనులోకొచ్చి, ఫోనునుంచి వడ్రంగి చేతికొచ్చి, అక్కణ్ణుంచి ఊరంతా పాకినవే ఎక్కువ. అపార్టుమెంటులో చాలా ఇళ్ళకు పైన ఇంకొకరి ఇల్లు కప్పుగా ఉంటుంది. ఇక్కడ శ్లాబుమీద నేరుగా ఎండ పడుతుంది, వాన పడుతుంది. అక్కడికీ ఇక్కడికీ ఒకే నమూనా ఎలా సరిపోతుంది?

మనం ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినా దెబ్బ ఇచ్ఛాపురం వైపు కూడా తగిలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంలో పెద్దపెద్ద భవనాల అద్దాలు పగలగొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన శ్రీకాకుళం జిల్లాలోనే, పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలి ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఈ తీరంలో ఒకప్పుడు చుట్టిళ్ళు కట్టుకున్నవాళ్ళు గోడను గుండ్రంగా, చూరును నేలకు దగ్గరగా పెట్టింది గాలి దెబ్బ తెలిసే. వాళ్ళకు అందం తెలియక కాదు. వాళ్ళ అందం గాలిని లెక్కలోకి తీసుకుంది.

పీఓపీ అయినా జిప్సమ్ బోర్డయినా తడిస్తే బలం పోతుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు తేమ పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బిన తర్వాత మళ్ళీ పూర్వరూపానికి రావు. అన్నిటికంటే ముఖ్యం, శ్లాబులో చెమ్మ ఉందో లేదో తెలిసేది శ్లాబు కంటికి కనిపిస్తున్నప్పుడే. సీలింగు కింద దాగిన చెమ్మ బయటపడేసరికి లోపల ఊచలు తుప్పు పట్టడం మొదలై ఉండవచ్చు. సీలింగు నచ్చినవాళ్ళు వేయించుకోవచ్చు. అయితే శ్లాబు ఒకటి రెండు వానాకాలాలు చూశాక వేయించుకోవాలి. కొత్త శ్లాబును ముహూర్తానికల్లా మూసెయ్యమనే సలహాలో నాకు ఏ జాగ్రత్తా కనిపించదు.

3. "మీ ఇష్టం" అన్న అమ్మ మాట

శ్రీకాకుళం జిల్లాది వలసల బతుకు. హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో, గల్ఫులో పనిచేసే పిల్లలు పంపిన డబ్బుతో ఇక్కడ ఎన్నో ఇళ్ళు లేచాయి. అలాంటి ఇళ్ళలో రోజూ ఉండేది అమ్మానాన్నలు. లోపలి పని తేల్చేది మాత్రం ఫోనులో కొడుకు, సైటులో కాంట్రాక్టరు, మధ్యలో సలహా చెప్పే చుట్టాలు. పెంకుటింట్లో బతుకంతా గడిపిన మనిషికి, వీధి అరుగుమీద కూచుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ కూర తరిగిన మనిషికి, వీధి కనిపించని మూల మాడ్యులర్ కిచెన్ పెట్టి "నీకోసమే" అంటున్నాం.

అడిగామంటారు. అడిగితే ఆమె "నాకేటి తెలుస్తాది నాయినా, మీ ఇష్టం" అంది. దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టడం అన్యాయం. ఇంకా ఉండని ఇంటి గురించి, పడుకోని గది గురించి ఎవరైనా ఆ మాటే అంటారు. ఆర్నెల్లు ఉండనిచ్చి అడగండి. పడమటి గది సాయంత్రానికి కాగిపోతోందని, మంచం తూర్పు గదిలో వెయ్యమని చెబుతుంది. పైన కప్‌బోర్డులు చేతికందవని, పప్పుల డబ్బాలు కంటి ఎత్తున కావాలని చెబుతుంది. దేవుడి పటాలు నిలబడి దండం పెట్టుకునేలా కావాలో, కూచుని పూజ చేసుకునేలా కావాలో చెబుతుంది. రోలు పెరట్లోనే ఉండాలంటుంది. నున్నటి టైల్సుమీద కాలు జారుతోందని, బాత్రూం దగ్గర పట్టుకోవడానికి ఆసరా కావాలని నాన్న చెబుతాడు. ఇవన్నీ ఇష్టాలే, ఇవన్నీ అలంకార నిర్ణయాలే. వీటికి ఆర్నెల్ల కాపురం కావాలి.

ఇంటికి ఏడాది కూడా కావాలి. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర వచ్చిందంటే ఇంటింటికీ చుట్టాలు దిగుతారు. సంక్రాంతికి వలసెళ్ళినవాళ్ళంతా తిరిగొస్తారు. ఆ రాత్రుళ్ళు హాల్లో ఎన్ని చాపలు పరవాలో మొదటి జాతర గడిస్తేగాని తెలియదు. హాలుకు సగం పట్టే సోఫా, కదలని గాజు బల్ల ముందే దించిన ఇంట్లో చుట్టాలు మేడమీదికో పక్కింటికో సర్దుకోవాలి. మనుషుల కోసం కట్టిన హాలు సామాను కోసం అయిపోతుంది.

ఉండేవాళ్ళకు తమ ఇల్లు తాము పూర్తి చేసుకునే నేర్పు ఉంటుందా అని అనుమానించేవాళ్ళు ఇండోర్‌లోని అరణ్య కాలనీ గురించి తెలుసుకోవాలి. వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ 1980లలో అక్కడ పేదల కోసం రూపొందించిన పథకంలో చాలామందికి ఇచ్చింది స్థలం, పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి వంటి మౌలికమైనవే. మిగతా ఇంటిని ఎవరి చేతనైనట్టు, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పెంచుకున్నారు. ఆ కాలనీకి 1995లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. 2018లో దోషీకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయన. ఇల్లు కొద్దికొద్దిగా ఎదగడం లేమికి గుర్తు అనుకునేవాళ్ళు ఆ పురస్కారాలు దేనికిచ్చారో ఆలోచించాలి.

4. చుట్టాల ముందు పరువు

చుట్టాలు ఇల్లు చూసేది ఒక పూట. ఆ పూటకోసం ఇంటివాళ్ళు ఎన్నో ఏళ్ళ సౌకర్యాన్ని తాకట్టు పెట్టాలని ఈ వాదం కోరుతోంది. గౌరవం అనే మాట దీనికి ముసుగు. అప్పు చేసి వేసిన సీలింగు చూసి మెచ్చుకున్న చుట్టం ఆ అప్పులో ఒక్క వాయిదా కట్టడు.

దీని పర్యవసానం ఏమిటో ఆస్ట్రియా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1900లోనే ఒక చిన్న కథగా రాశాడు. ఒక ధనికుడు తన ఇంటిని ఒక ప్రసిద్ధ వాస్తుశిల్పికి అప్పగిస్తాడు. ఆయన తలుపు గొళ్ళెం నుంచి చెప్పుల దాకా ప్రతిదీ గీసి ఇస్తాడు. పుట్టినరోజుకు పెళ్ళాం పిల్లలు కానుకలు ఇస్తారు. వాటిని ఎక్కడ పెట్టాలో అడుగుదామని శిల్పిని పిలిస్తే, పడకగది చెప్పులు వేసుకుని ఈ గదిలోకి ఎలా వచ్చావని ఆయన మండిపడతాడు. కానుకలు పుచ్చుకునే హక్కే నీకు లేదు, నీ ఇల్లు పూర్తయిపోయింది అంటాడు. అన్నీ అమరిన ఇంట్లో ఆ మనిషికి ఇక కోరుకోవడానికి ఏమీ మిగలదు. అక్కడినుంచి అతని బతుకు బోసిపోతుంది.

మన ఇళ్ళలో శిల్పి ఉండడు, నలుగురి మాట ఉంటుంది. ఫలితం అదే. మనవరాలు గీసిన బొమ్మ గోడకు అంటిద్దామంటే "టెక్స్చర్ పెయింట్ పాడవుతుంది" అంటారు. నాన్నకు ఎప్పుడో ఇచ్చిన సన్మాన పత్రం పెట్టడానికి గోడ ఖాళీ ఉండదు. ఆ ఇంట్లో బతికేవాళ్ళ గుర్తు ఆ ఇంట్లోనే కనబడకపోతే దాన్ని పరువు అని నేను ఒప్పుకోను.

5. రేపు అమ్మాలంటే

కోటబొమ్మాళిలో సొంతిల్లు కట్టేవాడు అమ్మకానికి కడుతున్నాడా? పుట్టిన ఊళ్ళో ఇల్లుండాలని, చివరికి తిరిగొచ్చి ఉండాలని కడుతున్నాడు. ఒకవేళ అమ్మవలసి వచ్చినా, కొనేవాడు అడిగేది స్థలమెంత, దారెంత, నీళ్ళు తియ్యనా ఉప్పనా, కాగితాలు సక్రమమేనా, గోడ గట్టిదేనా అని. జాతీయ రహదారికీ రైల్వే స్టేషనుకూ ఎంత దూరమో చూస్తాడు. పదేళ్ళ కిందటి లామినేట్ రంగుకు అతడు ధర కట్టడు. కట్టకపోగా, దాన్ని పీకించడానికి ఎంతవుతుందో లెక్కేసి ధరలోంచి తగ్గిస్తాడు. ఎప్పుడు వస్తాడో, అసలు వస్తాడో రాడో తెలియని ఆ కొనుగోలుదారు కోసం ఇంటివాడు ఈరోజునుంచే తన ఇష్టాన్ని చంపుకోవాలట. అంటే సొంత ఇంట్లో అద్దెకున్నట్టు బతకమని చెప్పడమే.

6. వాస్తు పేరుతో నోరు మూయించడం

దిక్కుల మీద నమ్మకం ఉన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. మయమతం, మానసారం వంటి గ్రంథాలు దిక్కులు, కొలతలు, గుమ్మాల గురించి మాట్లాడతాయి. ఎండ ఎటు, గాలి ఎటు అన్నది ఇంటికి నిజంగానే ముఖ్యం. నేను అభ్యంతరం చెప్పేది, సోఫా రంగు మొదలు గోడమీది గడియారం దాకా ప్రతి చిన్న ఇష్టాన్నీ "వాస్తుకు పడదు" అన్న ఒక్క మాటతో కొట్టెయ్యడానికి.

మన జిల్లా పాత ఊళ్ళే దీనికి సమాధానం. వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనించి, బారుగా, ఎదురెదురుగా కట్టుకున్న పెంకుటిళ్ళు అవి. ఒక వరస తూర్పు చూస్తే ఎదుటి వరస పడమర చూస్తుంది. రెండు వరసల్లోనూ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పెరిగారు, పంటలు ఇళ్ళకొచ్చాయి. ముఖద్వారం విషయంలోనే అంత సర్దుబాటు చేసుకున్న ఊళ్ళో, కర్టెను రంగుకు వాస్తు అడ్డమంటే నమ్మలేం.

7. పాత సామాను కొత్తింటికి నప్పదు

అన్ని వాదాల్లోనూ నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఇల్లు మారే వారంలోనే నులకమంచం, కావిడిపెట్టె, కంచు చెంబులు, ఇత్తడి బిందెలు పాతసామాన్లవాడి బండెక్కుతాయి. కోటబొమ్మాళికి దగ్గరలోనే సరవకోట మండలం బుడితి ఉంది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చేతిపనిని నగరాలవాళ్ళు షోరూముల్లో వెతికి కొంటున్నారు. మనం తాతలనాటి బిందెను తూకానికి అమ్మి, ఆ డబ్బుకు ప్లాస్టిక్ పూలకుండీ కొంటున్నాం. టెక్కలి పరిసరాల గ్రానైటు విదేశాలకు వెళ్తోంది, ఉద్దానం కొబ్బరి పీచు ఊళ్ళు దాటి పోతోంది. ఇంత దగ్గరున్నవి మన ఇంట్లోకి రావడానికి ఏమిటి అడ్డం? ఫోనులో వచ్చిన ఫొటోలో అవి లేకపోవడమే.

కొత్త ఇంట్లో మొదటి నెలల్లో మనిషికి తోచదు. చెయ్యి స్విచ్చి కోసం తప్పు చోట వెతుకుతుంది, రాత్రి లేస్తే దారి తడబడుతుంది. ఆ రోజుల్లో మనిషిని నిలబెట్టేవి అలవాటైన వస్తువులే. వాటిని తీసేసి అంతా కొత్తవి పెట్టడమంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళకు, ఊరు మారినంత పని.

సీతంపేట మన్యంలో సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో బొమ్మలు గీసే ఆచారం ఉంది. జబ్బు చేసినప్పుడు, పెద్దలు పోయినప్పుడు, పంట కోసం, పితృదేవతల కోసం గీసేవి అవి. ఒడిశా వైపు సవరల మతం గురించి మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన పెద్ద గ్రంథంలో ఈ బొమ్మలకు పెద్ద చోటే ఉంది. గోడమీదికి ఏం రావాలో ఆ ఇంట్లో జరిగిన బతుకే నిర్ణయిస్తుందని వాళ్ళకు తెలుసు. వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో ప్రచురించిన 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' ఊళ్ళ నిర్మాణంతో మొదలుపెట్టి 253 సూత్రాలు చెబుతుంది. వాటిలో చివరి సూత్రం ఇదే: ఇంటి అలంకారం మన బతుకులోంచి వచ్చిన వస్తువులతో ఏర్పడాలి. మన్యంలోని గుడిసె, కాలిఫోర్నియాలోని వాస్తుశిల్పి ఒకే చోటికి చేరారు. మధ్యలో ఉన్న మనమే ఫోటోలు చూసి దారి తప్పుతున్నాం.

చెయ్యవలసిందేమిటి

ముహూర్తానికి గుమ్మానికి మామిడాకులు కట్టండి, గడపకు పసుపు రాయండి, పాలు పొంగించండి, వచ్చినవాళ్ళకు కడుపునిండా భోజనం పెట్టండి. కరెంటు, నీళ్ళు, మరుగుదొడ్డి, వంటగట్టు, తలుపులకు గొళ్ళాలు సిద్ధంగా ఉంటే గృహప్రవేశానికి ఇల్లు పూర్తయినట్టే. మిగతాదానికి గడువు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

తర్వాత పాత సామానుతోనే కాపురం మొదలుపెట్టండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక జాతర, ఒక సంక్రాంతి గడవనివ్వండి. ఏ గదిలో ఎక్కువసేపు కూచుంటున్నారో, ఏ మూలను తప్పించుకు తిరుగుతున్నారో గమనించండి. అప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో ఒక్కో గదీ చేయించుకోండి. నిర్ణయం ఆ గదిలో ఎక్కువసేపు గడిపేవాళ్ళది. వంటిల్లు వండేవాళ్ళ మాట ప్రకారం, పెద్దవాళ్ళ గది పెద్దవాళ్ళ మాట ప్రకారం సాగాలి. డబ్బు పంపిన కొడుక్కి లెక్క అడిగే హక్కుంది, అమ్మ వంటింటికి రంగు ఎంచే హక్కు లేదు. ముదురు ఆకుపచ్చ నచ్చితే ముదురు ఆకుపచ్చే వెయ్యండి, ఖాళీ గోడ నచ్చితే ఖాళీగా ఉంచండి. సీలింగు, సోఫా కావాలని ఏడాది తర్వాత కూడా అనిపిస్తే నిశ్చింతగా చేయించుకోండి. అప్పుడది మీరు ఎంచుకున్నది అవుతుంది.

"ఇంకా అవ్వలేదేటి?" అని అడిగే చుట్టానికి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. "మేం ఉంటున్నాం, చూసుకుని చేయించుకుంటాం" అని నిబ్బరంగా చెప్పండి. ఇల్లు కట్టినవాళ్ళకు అప్పు మిగలకూడదు, ఉండేవాళ్ళకు ఇబ్బంది మిగలకూడదు. ఈ రెండింటినీ కాపాడలేని సలహా ఎంతమంది చెప్పినా, ఎన్ని తరాలుగా చెబుతున్నా దాన్ని పాటించనక్కర్లేదు.